ప్రాథమిక పాఠశాలకు బాలల పుస్తకాలు: లభ్యత, ఎంపిక, వినియోగం

ప్రాథమిక పాఠశాలలో పాఠ్యపుస్తకానికి తోడుగా పిల్లలు చదువుకోవడానికి ఉంచే కథల పుస్తకాలు, బొమ్మల పుస్తకాలు, గేయాల పుస్తకాలు, పత్రికలు, కథల కార్డులు, గోడపత్రికలు అన్నీ కలిపి పఠన సామగ్రి అనిపించుకుంటాయి. ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలనీ, అందులో వార్తాపత్రికలు, అన్ని విషయాల పుస్తకాలతో పాటు కథల పుస్తకాలు కూడా ఉండాలనీ 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే రాసి ఉంది. సమగ్ర శిక్ష కింద ప్రాథమిక పాఠశాలకు ఏటా 5,000 రూపాయల వరకు గ్రంథాలయ నిధి ఇవ్వవచ్చు. చట్టమూ ఉంది, పద్దూ ఉంది. ఫలితం చూస్తే, గ్రామీణ ప్రాంతాల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరీక్షించే అసర్ నివేదిక ప్రకారం 2018లో దేశవ్యాప్తంగా మూడో తరగతి పిల్లల్లో 27.3 శాతం మంది రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగారు. కరోనా తర్వాత 2022లో ఆ సంఖ్య 20.5కు పడిపోయి, 2024లో 27.1కి చేరింది. పోయింది తిరిగొచ్చిందని సంతోషించవచ్చు గానీ, తిరిగొచ్చిన చోటు కూడా నలుగురిలో ఒకరు మాత్రమే చదవగలిగే చోటే. ఈ పరిస్థితికి తెలుగు బడుల్లో వినిపించే సంజాయిషీ ఒకటుంది: మంచి పిల్లల పుస్తకాలు దొరకవు అని. ఆ మాట సగమే నిజం. తెలుగులో పిల్లల పుస్తకాలు వెతికితే బాగానే దొరుకుతాయి. కొరతంతా అప్పుడప్పుడే చదవడం నేర్చుకుంటున్న పిల్లలు ఎవరి సాయమూ లేకుండా చదవగల పుస్తకాలకు, వాటిని గుర్తుపట్టే పద్ధతికి, చదివించడానికి టైంటేబుల్లో కాస్త చోటుకు.

ఈ కొరత ఎలా ఏర్పడిందో తెలియాలంటే తెలుగు బాల సాహిత్యం ఎవరి కోసం పుట్టిందో చూడాలి. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, అంటే పిల్లలందరికీ రేడియో అన్నయ్య, అక్కయ్య, 1940లో బాలానంద సంఘాన్నీ 1945లో ‘బాల’ పత్రికనూ మొదలుపెట్టారు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి ‘చందమామ’ తెచ్చారు. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావు ఆ పత్రికలోని తెలుగును తీర్చిదిద్దారు. చిన్న వాక్యం, సూటి కథనం, అనవసరమైన ఒక్క విశేషణం లేకపోవడం ఆయన చేతి గుర్తులు. చిత్ర, శంకర్, వడ్డాది పాపయ్య బొమ్మలు వేశారు. తర్వాత ‘బాలమిత్ర’, ‘బొమ్మరిల్లు’ వచ్చాయి. మరోపక్క మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు రంగురంగుల బొమ్మల పుస్తకాలను తెలుగులో అచ్చు వేసి పంపేవి. విశాలాంధ్ర దుకాణాల్లో అవి కారుచౌకగా దొరికేవి. 1957లోనే ఢిల్లీలో నేషనల్ బుక్ ట్రస్టూ, చిల్డ్రన్స్ బుక్ ట్రస్టూ ఏర్పడ్డాయి. నెహ్రూ బాల పుస్తకాలయం పేరుతో వచ్చిన పుస్తకాలు తెలుగులోకీ వచ్చాయి. ఇంత సంపద ఉన్న భాషను పేద భాష అనలేం. అయితే వీటిలో ఎక్కువ భాగం చదవడం వచ్చేసిన పిల్లల కోసం రాసినవి. చందమామ కథ ఎంత సులువైన తెలుగులో ఉన్నా రెండు మూడు పేజీల పాటు చిన్న అచ్చులో సాగుతుంది. నాలుగో తరగతి పిల్లకు అది పండగ, ఒకటో తరగతి పిల్లకు కొండ. చిన్నపిల్లలకు అమ్మమ్మ చదివి వినిపిస్తుందన్న నమ్మకం మీద ఆ పత్రికలు నడిచాయి. ఇంట్లో చదివి వినిపించేవాళ్లు లేని పిల్లలు, ఇంటిల్లిపాదిలో మొదటగా బడికి వచ్చిన పిల్లలు, ఆ లెక్కలో లేరు. అక్షరమాల ఒక చివర, పేదరాశి పెద్దమ్మ కథ ఇంకో చివర. మధ్య మెట్లు కట్టే పని మిగిలిపోయింది.

ఆ మెట్లు కట్టడంలో తెలుగు లిపికి తనవైన చిక్కులున్నాయి. అక్షరాలు యాభై ఆరే అని చెప్పుకున్నా, గుణింతాలు, వత్తులు కలుపుకుంటే కన్ను గుర్తుపట్టాల్సిన ఆకారాలు వందల్లో తేలతాయి. అందుకే వాచకాలు అల, వల, తల, పలక, పడవ అంటూ సరళ పదాలతో మొదలై, గుణింతాలకు వెళ్లి, ద్విత్వాలు దాటి, చివరికి సంయుక్తాక్షరాలకు చేరతాయి. క్రమం తార్కికంగానే ఉంది. కానీ ఐదారేళ్ల పిల్లల నోట రోజూ ఆడే మాటలు చూడండి: అమ్మ, నాన్న, అక్క, అన్నం, పిల్లి, కుక్క, చెట్టు, బొమ్మ. వత్తు లేని మాట ఒక్కటీ లేదు. వత్తులు వచ్చేదాకా ఆగాలంటే అమ్మా నాన్నా లేని కథ రాయాలి. అలా రాసిన పాఠాల్లో ఎక్కడా లేని పడవలూ గడపలూ కనిపిస్తాయి, పిల్లల బతుకు కనిపించదు. కాబట్టి తెలుగులో తొలి మెట్టు పుస్తకానికి వేరే కొలత కావాలి. ద్విత్వాలను మొదటి నుంచీ రానివ్వవచ్చు. క, ప, డ వంటి వాటి వత్తులు తలకట్టు తీసేసిన అసలు అక్షరాల్లాగే ఉంటాయి. మ, న, ల, త వత్తులకు ఆకారం వేరైనా అమ్మ, నాన్న, పిల్లి లాంటి మాటలు పదే పదే కంటబడితే మాట మొత్తంగా గుర్తుండిపోతుంది. ఆపాల్సినవి సంయుక్తాలు, పొడుగాటి క్రియలు. వెళ్ళిపోతున్నాడు అన్నది మనకు ఒక మాట. కూడబలుక్కుని చదివే పిల్లకు ఆరు అక్షరాలు, రెండు వత్తులు. చివరి ‘డు’ దగ్గరికి వచ్చేసరికి మొదటి ‘వె’ మరుపున పడుతుంది. ‘అప్పుడే నిద్రలేచిన పిల్లి ఒళ్ళు విరుచుకుంటూ బయటికి నడిచింది’ అన్న వాక్యం చదివి వినిపించడానికి ముచ్చటగా ఉంటుంది. అదే సంగతిని ‘పిల్లి లేచింది. ఒళ్ళు విరిచింది. బయటికి వచ్చింది’ అని పేజీకొక వాక్యంగా, బొమ్మ కింద పెద్ద అచ్చులో వేస్తే ఒకటో తరగతి పిల్ల తానే చదువుకుంటుంది. ఈ రెండో రకం పుస్తకాలే మన అలమరల్లో తక్కువ.

ఈ రకం పుస్తకాల విలువ గుర్తించిన ప్రయత్నాలు దేశంలో కొన్ని ఉన్నాయి. ఎన్‌సీఈఆర్‌టీ 2008లో హిందీలో తెచ్చిన ‘బర్‌ఖా’ వరసలో 40 చిన్న పుస్తకాలున్నాయి. నాలుగు స్థాయిలుగా, పిల్లల రోజువారీ జీవితంలోని ఐదు విషయాల చుట్టూ వాటిని అల్లారు. 2004లో బెంగళూరులో మొదలైన ప్రథమ్ బుక్స్ తన పుస్తకాలన్నిటినీ నాలుగు స్థాయిలుగా విడగొట్టింది. ఆ సంస్థే 2015 సెప్టెంబర్ 8న, అక్షరాస్యతా దినోత్సవం నాడు, స్టోరీవీవర్ వేదికను తెరిచింది. మొదటి రోజున 24 భాషల్లో 800 పుస్తకాలు అందులో ఉన్నాయి. తెలుగు భాగం అప్పటినుంచీ పెరుగుతూ వచ్చింది. ఉపాధ్యాయులకు దీనిలో అన్నిటికంటే పనికొచ్చేది లైసెన్సు. రచయిత పేరు, చిత్రకారుడి పేరు ఉంచి ఎవరైనా ఆ పుస్తకాన్ని ఉచితంగా దించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, అనువదించవచ్చు, వాక్యాలు మార్చుకోవచ్చు. ఈ చివరి సౌకర్యాన్ని మన బడులు వాడుకోవాల్సినంత వాడుకోవడం లేదు. ఎందుకంటే స్థాయి గుర్తును గుడ్డిగా నమ్మడానికి వీల్లేదు. స్టోరీవీవర్‌లో మొదటి స్థాయి అంటే 250 మాటల లోపు అని స్థూలమైన లెక్క. ఇంగ్లిష్‌లో రాసిన కథ తెలుగులోకి వచ్చేసరికి విభక్తులు, క్రియలు అతుక్కుని మాటల సంఖ్య తగ్గుతుంది, మాట పొడవు పెరుగుతుంది. లెక్క ప్రకారం కథ సులువైనట్టే; పిల్లకు మాత్రం కష్టమైంది. పైగా కొందరు అనువాదకులు వాక్యాన్ని గ్రాంథికం వైపు లాగుతారు. అందుచేత మొదటి స్థాయి అని రాసి ఉన్న తెలుగు పుస్తకాన్ని కూడా ఉపాధ్యాయురాలు ఒకసారి పైకి చదివి చూసుకోవాలి. లైసెన్సు అనుమతిస్తోంది కాబట్టి, నిద్రలేచిన అని ఉన్నచోట లేచిన అని మార్చి అచ్చు తీసుకోవచ్చు.

ఎక్కడ వెతకాలన్న ప్రశ్నకు జవాబు అంత కష్టం కాదు. సికింద్రాబాద్ తార్నాకలోని మంచి పుస్తకం సంస్థ పిల్లల పుస్తకాల మీదే పనిచేస్తుంది. పాత సోవియట్ బొమ్మల పుస్తకాలు చాలా మళ్లీ వెలుగు చూసింది ఈ సంస్థ వల్లే. అమెరికాలోని తెలుగువారి సంఘం తానాతో కలిసి పిల్లల నవలలకూ బొమ్మల కథలకూ పోటీలు పెట్టి, ఎంపికైనవాటిని అచ్చు వేసింది. చెన్నైలోని తులికా తెలుగు-ఇంగ్లిష్ ద్విభాషా పుస్తకాలు వేస్తుంది. నేషనల్ బుక్ ట్రస్ట్ పుస్తకాలు పుస్తక ప్రదర్శనల్లో, సంచార వాహనాల్లో తక్కువ ధరకు దొరుకుతాయి. విజ్ఞానం, చేతిపనుల బొమ్మల విషయంలో అరవింద్ గుప్తా పుస్తకాల తెలుగు అనువాదాలు ఆయన వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి. పై తరగతుల కోసం రచయితలను వెతికేవారికి కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి ఇస్తున్న బాల సాహిత్య పురస్కారాల జాబితా మంచి దారి. తెలుగులో మొదటి పురస్కారం కలువకొలను సదానంద ‘అడవితల్లి’కి దక్కింది. పాత చందమామల స్కాన్లు ఇంటర్నెట్‌లో తిరుగుతున్నాయి. చూడటానికి దొరికిందల్లా బడిలో అచ్చు తీసి పంచడానికి హక్కు ఉన్నదని కాదు. ఈ తేడా తెలియక చాలామంది రెండింటినీ ఒకే గాటన కడతారు. శాఖా గ్రంథాలయాన్ని మరిచిపోకూడదు. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా ప్రజలు కడుతూనే ఉన్నారు. 1935లో కృష్ణా కాలువ మీద పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య పడవలో గ్రంథాలయాన్ని నడిపిన నేల ఇది. ఊరి గ్రంథాలయం నుంచి నెలకోసారి యాభై పుస్తకాలు పక్కనే ఉన్న బడికి తేవడం దానికంటే కష్టమేమీ కాదు.

పుస్తకం సులువుగా ఉంటే సరిపోదు, అందులో పిల్లలు తమను తాము చూసుకోగలగాలి. మన బాల సాహిత్యంలో చాలాకాలం రాజులు, మంత్రులు, జమీందార్లు, బ్రాహ్మణ పండితులు, తెలివైన కోడళ్లు తిరిగారు. కూలికెళ్లే అమ్మ, మాంసం వండుకునే ఇల్లు, మసీదు పక్క వీధి కనపడలేదు. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 2008లో ‘డిఫరెంట్ టేల్స్’ పేరుతో తెలుగు, మలయాళం, ఇంగ్లిష్ భాషల్లో తెచ్చిన కథలు ఈ లోటును సూటిగా ఎత్తిచూపాయి; గోగు శ్యామల, మహమ్మద్ ఖదీర్‌బాబు వంటివారు వాటిలో రాశారు. ఆదివాసీ ప్రాంతాల్లో సమస్య ఇంకో మెట్టు కింద ఉంది. అక్కడ పిల్లలకు తెలుగే కొత్త భాష. గిడుగు రామమూర్తి సవర పిల్లల కోసం సవర భాషలోనే వాచకాలు రాసి వందేళ్లు దాటింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో గోండి, కొలామి, కోయ, సవర, కువి, కొండ, లంబాడీ, ఆదివాసీ ఒడియా భాషల్లో మాతృభాషా బోధన మొదలైంది. ఇలాంటి చోట్ల ఏ ప్రచురణకర్తా పుస్తకం తెచ్చివ్వడు. పెద్దవాళ్ల నోట కథ విని, పిల్లల చేత బొమ్మలు వేయించి, బడిలోనే పుస్తకం కుట్టుకోవాలి. విదేశాల్లో తెలుగు నేర్చుకునే పిల్లలది ఇంకో తీరు: వయసు పదేళ్లు, చదివే స్థాయి ఆరేళ్లది. వాళ్లకు కాకీ పిచుకా కథలిస్తే చిన్నబుచ్చుకుంటారు. సులువైన వాక్యాల్లో పెద్ద పిల్లల సంగతులు కావాలి. నిజానికి మన ఊళ్లలో ఐదో తరగతికొచ్చినా చదవడం రాని పిల్లల అవసరమూ అచ్చంగా ఇదే.

పుస్తకాలు సమకూర్చినంత మాత్రాన చదువు వస్తుందా? ఈ ప్రశ్న మీద గట్టి పరిశోధనలే జరిగాయి, వాటి జవాబులు ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి. 1980లో ఫిజీ దీవుల్లో వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మంగుభాయ్ ఎనిమిది గ్రామీణ పాఠశాలల్లో నాలుగు, ఐదు తరగతులకు తలా 250 ఆసక్తికరమైన కథల పుస్తకాలిచ్చారు. మరో నాలుగు బడులు పాత పద్ధతిలోనే నడిచాయి. ఎనిమిది నెలల్లో పుస్తకాలందిన పిల్లలు చదవడంలో మామూలు కంటే దాదాపు రెట్టింపు వేగంతో ముందుకెళ్లారు. బెంగళూరు ప్రాంతపు ప్రభుత్వ పాఠశాలల్లో మాత్రం, గ్రంథాలయ సేవలు అందిన బడుల పిల్లలకూ అందని బడుల పిల్లలకూ 16 నెలల తర్వాత కూడా భాషా పరీక్షల్లో తేడా కనిపించలేదని 2012లో వెలువడిన అధ్యయనం చెప్పింది. ఆ అధ్యయనం చేసినవారిలో ఒకరైన లీ లిండెన్, ఇతరులతో కలిసి ఫిలిప్పీన్స్‌లోని టార్లాక్ ప్రావిన్సులో 100 బడులు తీసుకుని మరో ప్రయోగాన్ని పరీక్షించారు. అక్కడ వయసుకు తగ్గ పుస్తకాలతో పాటు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, 31 రోజుల పాటు రోజూ తరగతిలోనే పఠనం సాగించారు. పిల్లల పఠన శక్తి స్పష్టంగా పెరిగింది. అయితే మూడు నెలల తర్వాత ఆ లాభం దాదాపు సగానికి తగ్గింది. మూడింటినీ పక్కపక్కన పెడితే వైరుధ్యం చాలావరకు విడిపోతుంది. ఫిజీలోనూ టార్లాక్‌లోనూ పుస్తకం తరగతి గదిలోకి, రోజువారీ పాఠంలోకి వచ్చింది. ఉపాధ్యాయులు దాన్ని చేతిలోకి తీసుకున్నారు. బెంగళూరులో అది బోధనకు పక్కన నడిచే సేవగా మిగిలింది. టార్లాక్‌లో ప్రచారం ఆగగానే లాభం కరగడం కూడా ఇదే చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ‘చదవడం మాకిష్టం’, తెలంగాణలో 2022లో వంద రోజుల పఠన కార్యక్రమం, అదే ఏడాది ఆగస్టులో ‘తొలిమెట్టు’ మొదలయ్యాయి. వీటిని తప్పుపట్టక్కర్లేదు. కానీ వంద రోజుల పండగ కంటే ఏడాదంతా రోజుకు అరగంట మేలు.

దీనికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం బోధనకు సంబంధించింది. ముందు అక్షరాలు, గుణింతాలు గట్టిగా వస్తే కదా కథల పుస్తకం. రానివాడి చేతిలో పుస్తకం పెడితే బొమ్మలు చూసి ఊహించి చెబుతాడు తప్ప చదవడు అంటారు. ఈ మాటలో బలముంది. అక్షరానికీ ధ్వనికీ సంబంధాన్ని వరసగా, స్పష్టంగా నేర్పాలన్న దానిలో సందేహం లేదు. పుస్తకాల మధ్య పిల్లల్ని వదిలేస్తే చదువు దానంతటదే వస్తుందనడం భ్రమ. అయితే నేర్చిన అక్షరం నిలబడాలంటే అది అర్థమున్న వాక్యంలో మళ్లీ మళ్లీ కనపడాలి. వాచకంలో ఒక పాఠం పది రోజులు నడుస్తుంది. మూడో రోజుకే పిల్లలకు కంఠతా వచ్చేస్తుంది. ఆ తర్వాత కళ్లు పేజీ మీద ఉన్నా చదివేది జ్ఞాపకాన్నే. ఆ అక్షరాలతోనే రాసిన కొత్త కథ ఎదురైనప్పుడు గానీ చదవడం వచ్చిందో రాలేదో తేలదు. గుణింతాలు నేర్పే వారం నుంచే సులువైన పుస్తకం అవసరం అవుతుంది. అప్పటికి ఇంకా చదవలేని మంచి కథలను ఉపాధ్యాయురాలు పైకి చదివి వినిపించాలి. చదివి వినిపించే పుస్తకం వేరు, పిల్లలు చదువుకునే పుస్తకం వేరు. బడికి రెండూ కావాలి. ఏ పిల్లకు ఏది అన్నది తేల్చడానికి పెద్ద పరీక్ష అక్కర్లేదు. పుస్తకం మధ్యలో ఒక పేజీ తీసి చదివించి, తడబడిన ప్రతిసారీ ఒక వేలు మడవమంటే చాలు. పేజీ పూర్తికాకముందే ఐదు వేళ్లూ మడిచిందంటే అది ప్రస్తుతానికి వినే పుస్తకం.

రెండో అభ్యంతరం తల్లిదండ్రుల నుంచి వస్తుంది: మావాడికి ఇంగ్లిష్ కావాలి, తెలుగు కథలెందుకు అని. ఆంధ్రప్రదేశ్‌లో కొన్నేళ్లుగా పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్‌గా వస్తున్నాయి. ద్విభాషా కథల పుస్తకాలను ఆ పక్కనే పెట్టవచ్చు. చదవడమంటే ఏమిటో ఒక భాషలో తెలిసిన పిల్లకు రెండో భాషలో మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టే పని ఉండదు. తెలుగులోనే కూడబలుక్కునే పిల్లకు ఇంగ్లిష్ వాచకం ఇస్తే రెండూ బట్టీ పడతాయి.

మూడో అభ్యంతరాన్ని ఎవరూ పైకి చెప్పరు, కానీ పుస్తకాలు అలమరాలో తాళం వెనక ఉండటానికి అసలు కారణం అదే. చిరిగినా, పోయినా స్టాకు రిజిస్టరులో లెక్క చూపాల్సింది ప్రధానోపాధ్యాయులు. తనిఖీకి వచ్చినవారు పుస్తకాలెన్ని ఉన్నాయని అడుగుతారు, ఎన్ని నలిగాయని అడగరు. కొత్తగా మిలమిలలాడే పుస్తకాల అలమర నిజానికి పనిచేయని అలమర. పెద్దవాళ్ల గ్రంథాలయాల విషయంలోనే కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి (2017) ఒక సంగతి ఒప్పుకుంది: ఏడాదిలో ఇచ్చిన, చూసిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడం సహజమే, అందులో మోసం, నిర్లక్ష్యం లేకపోతే చాలని. ఆరేళ్ల పిల్లల చేతుల్లో తిరిగే పిన్నులు కొట్టిన పల్చటి పుస్తకాలకు ఇంతకంటే ఉదారమైన లెక్క ఉండాలి. ఇది ఒక సర్క్యులర్‌తో తీరే సమస్య. దానికి కొత్త పథకమూ అక్కర్లేదు, నిధీ అక్కర్లేదు.

కొనుగోలులోనూ అంతే. ఐదువేల రూపాయలతో అట్టకట్టిన నీతికథల సంపుటాలో విజ్ఞాన సర్వస్వాలో కొంటే పది పన్నెండు వస్తాయి, అవి బీరువాకు అందం. అదే డబ్బుతో యాభై రూపాయల లోపు దొరికే పదహారు పేజీల బొమ్మల కథలు వందకు పైగా వస్తాయి. వాటిలో సగమైనా పేజీకి ఒకటి రెండు వాక్యాలున్నవి ఉండాలి, ఒక్కో శీర్షికకు రెండేసి ప్రతులు కొనాలి, పక్కపక్కన కూర్చుని ఇద్దరు చదువుకునేలా. మండలాల్లో, జిల్లాల్లో పుస్తకాల ఎంపిక సంఘాలలో కూర్చునేవారికి ఒక విన్నపం: జాబితా మీద సంతకం పెట్టేముందు ఆ పుస్తకాలను ఒకటో తరగతి పిల్లలు నలుగురి చేత చదివించి చూడండి.